అల్లుణ్ణి మింగిన పాతర

ఊరి పేరు చెప్పను. చెబితే గునపాలు పట్టుకుని బయల్దేరేవాళ్ళు ఇంకా ఉన్నారు. గుంటూరులో పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ల వేళకు చేరిపోయే ఊరు. చుట్టూ పత్తి, మిరప చేలు, మధ్యలో ఒక రాతి గుట్ట, గుట్టను చుట్టుకుని రాజుల కాలంనాటి కోట. ఈ చుట్టుపక్కల అలాంటి ఊళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇంతవరకు చెప్పినా ఫరవాలేదు.

ఈమధ్య ఆ కోటకు ఆదివారాలు జనాన్ని తీసుకెళ్ళి తిప్పుతున్నారు. ‘కోట నడక’ అంటారు. వ్యాను ఎక్కిస్తారు, ఇడ్లీ పొట్లం చేతికిస్తారు, నెత్తిన టోపీ పెడతారు, ఎండ ముదిరేలోపు బురుజులన్నీ చూపించి దింపేస్తారు. నేను పెరిగిన వీధిలో టోపీ పెట్టుకుని నడవాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అయినా నేను వెళ్ళింది నా కోసం కాదు, మా అత్త కోసం.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. ఒంగోల్లో కొడుకు దగ్గర ఉంటుంది. మామ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఉన్నట్టుండి ఒకరోజు ఫోను చేసి, “ఒకసారి మనూరు చూపించవే పిల్లా, కాళ్ళు ఆడుతుండగానే” అంది.

నాకు అనుమానం ఎక్కువ. దాన్ని గొప్పగా చెప్పుకోవడమూ లేదు, దాచుకోవడమూ లేదు. బెండకాయల బండివాడు లేతవి అంటే కొన విరిచి చూస్తాను. డాక్టరు నవ్వుతూ మాట్లాడితే ఆ రిపోర్టు ఇంకో డాక్టరుకు చూపిస్తాను. అలాంటిదాన్ని, అత్త మాట విని ఊరుకుంటానా? పెళ్ళయిన కొత్తలో వెళ్ళిన మనిషి మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేదు. కన్నతండ్రి పోతే మట్టికి కూడా రాలేదు. ఇన్నేళ్లు లేని మమకారం ఇప్పుడెక్కడ నుంచి ఊడిపడింది? ఇంటి స్థలం మీద ఎవరైనా ఆశ పెట్టారా, కొడుకు ఏమైనా నూరిపోశాడా అని నాలుగు రకాలుగా ఆలోచించాను.

దానికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది. అత్తకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. అది మామకు సంబంధించింది. ఆవిడకు ఎప్పటికీ చెప్పనని చిన్నప్పుడు మా తాతకు మాటిచ్చాను. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ గోడల మధ్య తిరగడమంటే నాకు భయంగానే ఉంది. మామ పోయాక ఆ భయం ఇంకా ఎక్కువైంది. పోయినవాళ్ళు తమ మాట తాము చెప్పుకోలేరు.

మమ్మల్ని తిప్పిన గైడు చలాకీ పిల్ల. నడుముకు చిన్న మైకు పెట్టె, చెంప పక్కన తీగ. సింహద్వారం కింద నిలబడి, “ఫ్రెండ్స్, ఇక్కడే రాజుగారి పట్టపుటేనుగును కట్టేసేవారు!” అంది. అందరూ ఫోన్లు ఎత్తారు. నేను ఎత్తలేదు. ద్వారం పక్కనున్న ఆ రాతి స్తంభానికి మా ఎదురింటి వాళ్ళు గేదెను కట్టేసేవారు. అంతకుముందు ఏనుగు ఉండేదేమో నాకు తెలియదు, ఆ పిల్లకూ తెలియదు.

అత్త మాత్రం కర్ర పొడుచుకుంటూ, మెట్టు మెట్టుకూ ఆగుతూ నడిచింది. మధ్యలో ఒక్కసారి ఆగి గాలి పీల్చి, “కల్లాలు పోసినట్టున్నారు” అంది. నిజమే, గుట్ట కింద చేలల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆ ఘాటు ముక్కులోకి వెళ్ళగానే నేను చిన్నపిల్లనైపోయాను.

మా ఇల్లు కోటగోడను ఆనుకుని ఉండేది. వెనక గోడ రాజులు కట్టించింది, మిగతా మూడు గోడలూ మా తాత కట్టుకున్నవి. తాత దూది ఏకేవాడు. మా వాళ్ళంతా అదే పని. పేరుకు సాయిబులమే కానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే, తినేది గోంగూరే. తాత పొద్దున్నే వసారాలో పెద్ద విల్లు వేలాడదీసి, చెక్క గుండుతో దాని నరాన్ని కొడుతుంటే డుయ్యి డుయ్యిమని మోగేది. ఊళ్ళో పిల్లలు ఆ మోతకు గెంతేవాళ్ళు. సాయంత్రమయ్యేసరికి తాత కనుబొమలు, చెవుల్లో వెంట్రుకలు, నూనె లేని మా నానమ్మ జుట్టు, అన్నీ దూదితో తెల్లబడేవి. మా నాన్న, అమ్మ గుంటూరు మిల్లులో పనికి పోతే నేను తాత దగ్గరే ఉండిపోయాను.

ఎండాకాలం వస్తే ఊరంతా తుమ్మేది. కల్లాల్లో మిరపకాయలు తిరగేస్తుంటే కోటగోడ దాకా ఘాటు కొట్టేది. మేం పిల్లలం ఎండు మిరపకాయ ఒకటి దొంగిలించి ఎవరి పొయ్యిలోనో పడేసి, గోడ మీదికి పాకి, ఆ ఇంట్లోవాళ్ళు దగ్గుతూ బయటికి రావడం చూసి నవ్వుకునేవాళ్ళం. దొరికితే వీపు చిట్లిపోయేది. ఈతపళ్ళు, చింతచిగురు, వేయించిన పత్తిగింజలు తినేవాళ్ళం. పత్తిగింజలు తింటే కడుపునొప్పి వస్తుందనేవాళ్ళు కానీ నాకెప్పుడూ రాలేదు.

ఆ ఊళ్ళో పెద్దవాళ్ళకు ఉన్నది ఒకటే కబురు, లంకెబిందెలు. కోట శత్రువులకు పోయే ముందు రాణి తన నగలన్నీ బిందెల్లో పోసి, ఆ బిందెలను గొలుసుతో కలిపి, గోడ కింద ఎక్కడో పాతిపెట్టిందట. వాటికి ఒక శక్తి కాపలా ఉందట. దీపం పెట్టి, మంత్రం చదివి, కావలసింది ఇస్తే గానీ వదలదట. కావలసింది ఏమిటో పిల్లల ముందు చెప్పేవాళ్ళు కాదు. గొంతు తగ్గించి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

అందుకని ఊళ్ళో ప్రతివాడికీ పక్కవాడి మీద అనుమానమే. ఎవరైనా కొత్త ఎద్దును కొంటే, “ఏరా, దొరికినయ్యా?” అని అడిగేవాళ్ళు. ఎవరి పెళ్ళామైనా కొత్త కోక కడితే ఆ వారమంతా వాళ్ళ దొడ్లోకి తొంగిచూసేవాళ్ళు. గొయ్యి తవ్వాల్సి వస్తే తెలివైనవాళ్ళు ముందే నలుగురికీ చెప్పి తవ్వేవాళ్ళు. మా ఎదురింటాయన అయితే మరుగుదొడ్డి గొయ్యి తవ్వించిన రోజున అరుగు మీద నులకమంచాలు వేయించి చూసిపోయేవాళ్ళకు మజ్జిగ పోయించాడు.

అలాంటి ఊళ్ళోకి, అలాంటి వేసవిలో, మా అత్త తొలిచూలు పురిటికి వచ్చింది. దింపడానికి వచ్చిన మామ తిరిగి వెళ్ళకుండా కొన్నాళ్ళు ఉండిపోయాడు.

మామది వాడరేవు. ఎండుచేపల వ్యాపారం. సన్నగా, పొడుగ్గా, సినిమాలో వాడిలా తల దువ్వుకుని, నడుముకు వెడల్పాటి ఆకుపచ్చ బెల్టు పెట్టేవాడు. ఆ బెల్టు నీళ్ళు పోసుకునేటప్పుడు తప్ప తీసేవాడు కాదు. నాకు ఆయన మీద మొదటిరోజు నుంచే అనుమానం. ఎందుకంటే ఆయన గోడలను వేళ్ళతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. నేను చూస్తే చీమను తోలుతున్నట్టు చెయ్యి దులుపుకునేవాడు.

ఒకరోజు నా చేతిలో బెల్లంముక్క పెట్టి, “పిల్లా, మీ తాత చీకటి పడ్డాక యాడికైనా పోతాడా?” అని అడిగాడు.

“పోతాడు” అన్నాను.

“యాడికి?”

“దొడ్లోకి. చెంబు తీసుకుని.”

ఆయన బెల్లంముక్క వెనక్కి లాక్కోబోయాడు. అప్పటికే అది నా నోట్లో ఉంది.

ఆ ఏడు వానలకు పత్తి కుళ్ళిపోయింది. పత్తి లేకపోతే జనం పాత పరుపులే దులిపి వేసుకుంటారు, దూది ఏకేవాడిని పిలవరు. ఇంట్లో బియ్యం అడుగంటాయి. చూలింతకు, కొత్తల్లుడికి వరన్నం తప్పకూడదు కదా. మాకు మిగిలింది గంజి. నానమ్మ, తాత వంటింట్లో గుసగుసలాడుకుని చివరికి పాతర తీయాలనుకున్నారు.

పాతర అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. గట్టి నేలలో బావిలా లోతుగా గొయ్యి తవ్వి, చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన బండ పెట్టి మట్టితో మూసేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఉన్నా పురుగు పట్టదు. కాకపోతే మూసిన గొయ్యిలో గాలి విషమవుతుంది. అందుకే బండ తీశాక వెంటనే దిగకూడదు. తాడుకు దీపం కట్టి లోపలికి దించుతారు. దీపం వెలిగితే దిగొచ్చు, ఆరిపోతే వేపమండలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించి, గాలి మారేదాకా కాచుకోవాలి. మా పాతర ఇంటి వెనక, కోటగోడ మొదట్లో ఉండేది. తాత తండ్రి తవ్వించిందట.

జొన్నలు తినడంలో తప్పేమీ లేదు. ఊళ్ళో సగంమంది తినేవాళ్ళు. కానీ అల్లుడికి వరన్నం పెట్టి మేం పాతర జొన్నలు తింటున్నామని తెలిస్తే ఆయన ముద్ద దిగదని తాత బాధ. అత్తకు తెలిస్తే అదీ తినదు. అందుకని పాతర చుట్టూ దండేలు కట్టి, ఏకడానికి వచ్చిన పాత బొంతలన్నీ ఎండకు ఆరేసినట్టు వేలాడదీశాడు. ఆ చాటున బండ తీశాడు. అబ్బ, ఆ వాసన! పులిసిన కుడితి, తడిసిన చొప్ప, ముక్కిన పిండి, అన్నీ కలిసిన వాసన. మామ ముక్కు ఎగబీల్చి, “ఈ వాసనేంది అత్తా?” అంటే నానమ్మ తడుముకోకుండా, “కోటలో గబ్బిలాలండీ, ఈ నెల్లో ఎక్కువ” అంది.

తాత దీపం దించాడు. ఏ పని మొదలుపెట్టినా ఆయనకు దేవుడి పేరు నోట్లోనే అనుకోవడం అలవాటు. పెదవులు కదిలాయి. దీపం ఆరిపోయింది. వేపమండలు ఆడించాడు. మళ్ళీ దించాడు, మళ్ళీ ఆరిపోయింది. రేపు చూద్దామని గొయ్యి మీద తడిక కప్పి వచ్చేశాడు.

దొడ్డి తలుపు సందులోంచి మామ ఇదంతా చూశాడు. నేను గోడ మీద నుంచి మామను చూశాను. వాడరేవులో అంతా ఇసుక. మోకాటి లోతు తవ్వితే నీళ్ళు పడతాయి, అక్కడ పాతరలు ఉండవు. పాపం ఆయనకు ఎలా తెలుస్తుంది? చాటుగా కట్టిన బొంతలు, దీపం, మంత్రం, వేపమండలు. ఊళ్ళో అరుగుల మీద విన్నదంతా ఆయన కళ్ళముందే జరిగింది. ముసలాడు తనకు తెలియకుండా రాణి బిందెలు తీస్తున్నాడని ఆయనకు ఖాయమైపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నారు. నేను గోడ మీద ఈతపళ్ళు తింటున్నాను. మామ దొడ్లోకి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు, పైకి మాత్రం చూడలేదు. చేదతాడు వేపచెట్టు మొదలుకు కట్టి, బొంతల చాటుకు వెళ్ళాడు. తడిక తీసిన చప్పుడైంది. తాడు బిగుసుకుంది. కాసేపటికి వదులైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

“మామా!” అని పిలిచాను. పలకలేదు. గోడ దిగి పరుగెత్తి తాతను లేపాను.

తాత బొంత పక్కకు లాగి లోపలికి చూశాడు. మామ జొన్నల మీద బోర్లా పడి ఉన్నాడు. నానమ్మ దిగబోతే తాత ఆమె రెక్క పట్టి వెనక్కి లాగాడు. “దిగితే నువ్వూ పోతావు. పాతాళగరిగె తే!” అన్నాడు. బావిలో పడ్డ చేదలు తీసే కొక్కేల గుత్తి అది. నానమ్మ అది తెచ్చేలోపు తాత ఒక తడిబొంతను తాడుకు కట్టి గొయ్యిలోకి విసిరి విసిరి లాగాడు. తర్వాత గరిగె దించాడు. ఒకసారి చొక్కాకు తగిలి చిరిగింది. ఇంకోసారి జారిపోయింది. ఆఖరికి ఆ ఆకుపచ్చ బెల్టుకు కొక్కెం పట్టింది. ముగ్గురం కలిసి లాగాం. నా అరచేతుల చర్మం లేచిపోయింది.

మొహాన కుండెడు నీళ్ళు కుమ్మరించాక మామ దగ్గాడు, కక్కాడు, కళ్ళు తెరిచాడు. తెరిచి, తాత మొహంలోకి చూసి, “యాడున్నయ్?” అన్నాడు.

తాతకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన కోప్పడలేదు. జొన్నలు మామ జుట్టులో, చెవుల్లో ఇరుక్కుని ఉంటే ఒక్కొక్కటే ఏరి తీస్తూ, “జొన్నలండీ అల్లుడుగారూ. జొన్నలే. ఇంకేం లేవు” అన్నాడు.

మామకు వంటింట్లో గంజి ముంత ఎందుకుందో, తన కంచంలోకి వరన్నం ఎక్కడి నుంచి వస్తోందో ఒక్కసారిగా అన్నీ తెలిసినట్టున్నాయి. మామ తాత పైపంచె లాక్కుని మొహం కప్పుకుని ఏడ్చాడు. “దానికి చెప్పొద్దు మామా, నీ కాళ్ళు పట్టుకుంటా” అన్నాడు. తాత, “చెప్పను” అన్నాడు. నానమ్మ వైపు తిరిగి, “అమ్మాయికి తెలియకూడదే. మొగుడంటే లెక్క పోతే దాని కాపరం ఏం కావాల?” అన్నాడు. నన్ను దగ్గరికి లాక్కుని తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని మాట తీసుకున్నాడు. అత్త గది తలుపు వేసే ఉంది.

సాయంత్రానికి తాత పాతర మూసేశాడు. మనిషి ప్రాణం మీదికి తెచ్చిన గింజ మనకొద్దన్నాడు. తెల్లవారుజామున మామ నిండుచూలాలైన అత్తను మిరపబస్తాల లారీ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మామను తాత నానామాటలు అన్నాడని, అందుకే పురిటికైనా ఉండకుండా వెళ్ళామని ఆ తర్వాత అత్త తరఫు నుంచి కబురొచ్చింది. తాత ఆ కబురు విని తల ఊపాడు. వేసవంతా నానమ్మ కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్ళి, ఆ కూలితో మాకు కూడు పెట్టింది. రాత్రిళ్ళు చేతులు మండి పెరుగు రాసుకునేది.

ఊరు ఊరుకుంటుందా? మీ అల్లుడేడీ అని అడిగారు. వెళ్ళాడని తాత అన్నాడు. ఎప్పుడెళ్ళాడు, మాకెవరికీ కనబడలేదే, నిండుచూలాలిని చీకట్లోనే ఎందుకు పంపేశారు అన్నారు. బొంతలు ఎందుకు కట్టారు, గొయ్యి ఎందుకు తీశారు, తీసినవాళ్ళు మర్నాడే ఎందుకు మూశారు? తాత దేనికీ జవాబు చెప్పలేదు. చెబితే అల్లుడి సంగతి చెప్పాలి. ముందు పరుపులు తేవడం మానేశారు. తర్వాత మా అరుగు మీద కూర్చోవడం మానేశారు. మేం కొత్త ఇల్లు కడతామేమోనని కొన్నాళ్ళు కాచుకున్నారు. కట్టకపోతే, “ముసలాడు గట్టివాడు, బయటపడనీడు” అన్నారు. పని లేక గుంటూరు వచ్చేశాం. వచ్చిన నెల తిరక్కుండానే మా ఇంటి నేలంతా ఎవరో తవ్విపోశారని తెలిసింది. పొయ్యిగడ్డ కూడా వదల్లేదట. తాత కొన్నేళ్ళకు మా అద్దె ఇంట్లో పోయాడు. అత్తకు కబురు చేశాం. ఒంట్లో బాగాలేదని తిరుగు కబురు పంపింది. ఆ రోజు నుంచి ఆవిడ మీద నా మనసు విరిగిపోయింది.

“ఫ్రెండ్స్, అందరూ దగ్గరికి రండి. ఇది మన వాక్‌లో హైలైట్!”

గైడు పిల్ల గొంతుకు ఉలిక్కిపడ్డాను. గోడ మొదట్లో నిలబడి ఉన్నాం. మా ఇల్లు లేదు. సర్కారు తుమ్మ మొలిచింది. పాతర నోటి చుట్టూ ఇనుపకంచె వేసి, పైన బోర్డు పెట్టారు.

“ఇక్కడ ఒక దూదేకులాయన ఉండేవాడు. ఆయనకి రాణిగారి నిధి జాడ తెలిసింది. కానీ కాపలా ఉన్న శక్తి నరబలి అడిగింది. ఎవర్ని ఇచ్చాడో తెలుసా?” ఆ పిల్ల ఆగి అందరి మొహాలూ చూసింది. “ఇంటికొచ్చిన సొంత అల్లుణ్ణి! కూతురు కడుపుతో ఉండగా! అందుకే దీన్ని అల్లుణ్ణి మింగిన పాతర అంటారు.”

ఎవరో అమ్మో అన్నారు. ఎవరో నవ్వారు. ఒకతను ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. నాకు ఒళ్ళంతా మండిపోయింది. అబద్ధం అని అరవాలని నోటిదాకా వచ్చింది. అరిస్తే నిజం ఏమిటని అడుగుతారు. నిజం చెబితే పక్కనే ఉన్న ఈ ముసలావిడ, పోయిన మొగుడు మామగారింట్లో దొంగతనానికి దిగాడని, ఇందరి మధ్య, నా నోటి నుంచి వినాలి. ఊరుకుంటే మా తాత హంతకుడిగా ప్రతి ఆదివారం ఇక్కడ నిలబడతాడు. తాతకు మాటిచ్చిన చేత్తోనే కంచె పట్టుకుని నిలబడ్డాను.

అత్త కర్రతో ఇనుపకంచెను టంగుమని కొట్టింది.

“అమ్మాయ్! ఇట్రా.”

గైడు దగ్గరికి వచ్చింది. “చెప్పండి అమ్మమ్మగారూ.”

“ఆ దూదేకులాయన మా నాన్న. కడుపుతో ఉన్న కూతుర్ని నేను. బలిచ్చిన అల్లుడు నా మొగుడు. పోయినేడు దాకా నా చేతి కూడే తిన్నాడు, ఉప్పు తగ్గిందని సణిగాడు, పక్షవాతమొచ్చి ఒంగోల్లో మంచంలో పోయాడు. నీకు అనుమానమైతే నా కొడుక్కి ఫోన్ చెయ్యి.”

ఎవరూ నవ్వలేదు. ఫోను ఎత్తినతను మెల్లగా దించాడు. పిల్ల మొహం పాలిపోయింది. “సారీ అమ్మమ్మగారూ, ఊళ్ళో అందరూ ఇలాగే చెప్పారండి” అంది.

“అందరూ చెప్పారు గదా, మరి బిందెలేవని అడిగావా? మా అమ్మ మిరప్పళ్ళ తొడిమలు తీసి చేతులు పుండ్లు చేసుకుందే, రాణి నగలున్నదే అయితే ఎందుకు తీసిందో అడిగావా?”

నేను ఆవిడ వైపు తిరిగాను. నానమ్మ కల్లాల్లోకి వెళ్ళింది అత్త వెళ్ళిపోయాక. ఈ సంగతి ఆవిడకు ఎవరు చెప్పారు? నాలో పాత అనుమానం మళ్ళీ లేచింది. గుంపు పై బురుజు వైపు కదిలాక ఇద్దరం ఒక బండ మీద కూర్చున్నాం. అడిగేశాను.

“వచ్చేపోయే లారీవాళ్ళ దగ్గర మీ అందరి యోగక్షేమం కనుక్కుంటూనే ఉండేదాన్నే” అంది.

“కనుక్కున్నదానివి రావచ్చుగా?”

అత్త కర్రతో మా ఇంటి కిటికీ ఉండిన చోటు చూపించింది. అక్కడిప్పుడు తుమ్మకొమ్మ ఉంది.

“ఆ రోజు నువ్వు మామా అని అరిస్తే లేచా. కిటికీ సందులోంచి అంతా చూశా. ఆయన్ని గొడ్డును లాగినట్టు లాగారు. ఆయన యాడున్నయ్ అన్నది విన్నా. నాకు చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నది విన్నా. మా నాన్న నీ దగ్గర మాట తీసుకున్నది కూడా చూశా. మళ్ళీ పోయి కళ్ళు మూసుకుని పడుకున్నా.”

ఇన్నేళ్లు నేను ఎవరి దగ్గర దాచానో ఆవిడకే అన్నీ తెలుసు.

“తెల్లారి ఆయన, మీ నాయన నన్ను చేపలోడన్నాడు, ఈ ఇంట్లో ఒక్క పూట ఉండనన్నాడు. అబద్ధమని తెలిసీ మూట కట్టుకున్నా. మళ్ళీ ఈ గడప తొక్కితే ఆయన నా వెనకాల రావాల. మా నాన్న ఎదురుగా నిలబడాల. ఆ మొహాలు చూస్తే నాకు తెలుసన్న సంగతి దాగదే. ఆయన చెడ్డోడు కాదు, ఒక్క పూట బుద్ధి గడ్డి తింది. అంతే. నాకు తెలుసని తెలిస్తే ఇంట్లో నా ముందు ఎట్టా తిరుగుతాడు? ఆయన ఉన్నన్నాళ్ళూ అందుకే రాలేదు.”

“మరి తాత? నువ్వు మామ మాట నమ్మావనే అనుకుని పోయాడు అత్తా.”

“తెలుసు” అంది.

గోడ మీద ఎండ పడుతోంది. గైడు గొంతు పై బురుజు నుంచి చిన్నగా వినిపిస్తోంది. ఈసారి ఏం చెబుతోందో నాకు పట్టలేదు. తాత ఈవిడ కాపరం కోసం నోరు కట్టుకున్నాడు, ఈవిడ మామ పరువు కోసం కాళ్ళు కట్టుకుంది. నేను ఆవిడ మనసు రాయి అనుకుంటూ ముసలిదాన్నయ్యాను. మనుషుల్ని అనుమానించడంలో నన్ను మించినవాళ్ళు లేరనుకున్నాను గానీ, అనుమానించాల్సిన వైపు ఒక్కసారీ చూడలేదు.

అత్త ఇనుపకంచెలోంచి గొయ్యిలోకి చూస్తూ, నా వైపు తిరగకుండానే అడిగింది.

“నేను రానందుకు మా నాన్న నన్నెప్పుడైనా తిట్టాడా?”

అబద్ధం చెప్పి ఊరట కలిగించాలంటే ఏ జవాబు చెప్పాలో నాకు తోచలేదు. ఉన్నదే చెప్పాను.

“లేదు అత్తా. ఎవరైనా నిన్నేమన్నా అంటే లేచి వెళ్ళిపోయేవాడు. అమ్మాయి అక్కడ బాగుంది, అది చాలు అనేవాడు. పోయే రోజున కూడా అదే అన్నాడు.”

మామ పోయినప్పుడు కూడా ఈవిడ కంట నీరు చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. నేను వీపు మీద చెయ్యి వేస్తే తీసేయలేదు.

“ఒక్కసారన్నా తిట్టి ఉంటే బాగుండేదే పిల్లా” అంది.